అట్ట మీద రాయిస్ పేరు

పోయిన వారం మనం రాయిస్ టాల్బర్ట్‌ను చెత్తడబ్బాలో తల పెట్టి కక్కుతూ ఉండగా వదిలేసి వచ్చాం. వారం రోజులూ పాపం అలాగే ఉన్నాడని బెంగపడకండి. ఆ పూటే తల బయటికి తీశాడు, మూతి తుడుచుకున్నాడు, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూశాడు. అందరూ చూశారు. ముఖ్యంగా ఎమిట్ క్రౌస్ చూశాడు. వాడు చూసి నవ్వి ఉంటే రాయిస్‌కు కడుపు చల్లబడేది. నవ్వలేదు. మంచినీళ్ళ సీసా తెచ్చి చేతిలో పెట్టాడు.

ఆ నీళ్ళు తాగిన దగ్గర్నుంచీ రాయిస్‌కు ఒళ్ళంతా మంటే.

ఇద్దరిదీ ఒకటే ఊరు, హార్లన్ క్రీక్. గోధుమలూ గాలీ తప్ప మరేమీ పండని ఊరు. అలాంటి చోట రాయిస్ పుట్టి బేస్‌బాల్ బంతి పట్టాడు. హైస్కూల్లో ఉండగా వాడు విసిరిన బంతి ఒకటి పట్టేవాడి చేతి తొడుగు తప్పించుకుని, కంచె దాటి, వీధి అవతలి చర్చి గంటకు తగిలిందట. ఆ గంట విని పాస్టరుగారి అత్తగారు మంగళవారాన్ని ఆదివారం అనుకుని, టోపీ పెట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చుందట. చెప్పేవాడు మంగలి ఓటిస్, నమ్మేది ఊరంతా, అందరికంటే ఎక్కువ నమ్మినవాడు రాయిస్.

అదే జట్టులో రెండో పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు, ఎమిట్. రాయిస్‌కు జలుబు చేస్తే వీడి చేతికి బంతి వచ్చేది. రాయిస్‌కు జలుబు చేయలేదు. ఎమిట్ అప్పట్లో ఎంత సన్నగా ఉండేవాడంటే, గోధుమ చేలో నిలబడితే కోతయంత్రం వాడు తేడా తెలియక కోసుకుపోతాడని వాళ్ళమ్మ వాడికి ఎర్ర చొక్కా వేసి పంపేది. కాలేజీ వాళ్ళు రాయిస్‌ను పిలిచి మరీ సీటిచ్చారు. ఎమిట్ ఎవరూ పిలవకుండానే వచ్చి, నన్నూ చూడండి అని వరసలో నిలబడ్డాడు. అలా నిలబడ్డ ఎమిట్ సెప్టెంబరుకల్లా ముప్పై పౌండ్ల కొత్త కండతో ఉన్నాడు. బరువుల గదిలో గోడబల్ల మీద పేర్లు బలాన్ని బట్టి వరసగా అంటిస్తారు. మొన్న సోమవారం ఎమిట్ పేరు రాయిస్ పేరు మీదికి ఎక్కింది.

హైస్కూల్లో రాయిస్ చేసిన కసరత్తల్లా బస్సు దిగి మైదానందాకా నడవడమే. వారానికోసారి విసరడం, మిగతా ఆరు రోజులూ విసిరినదాని గురించి వినడం. ఇక్కడ పొద్దున్న ఆరింటికి భుజాల మీద ఇనుప కడ్డీ పెట్టుకుని గుంజీలు తీయాలి. చక్రాల్లేని ఇనుప బండిని పచ్చిక మీద తోయాలి. మైదానం రెండు కొసలా నిలబెట్టిన పసుపు స్తంభాల మధ్య, కంచె వెంబడి, ఒక్కోటి ముప్పై సెకన్లలో ముగిసేలా పన్నెండు పరుగులు తీయాలి. రాయిస్ ఆరో పరుగుకే చెత్తడబ్బా చూసుకున్నాడు. పైగా ఆ జట్టులో ఉన్న ముప్పై ఆరుగురూ తమ తమ ఊళ్ళలో చర్చి గంటలు మోగించి వచ్చినవాళ్ళే.

శుక్రవారం నాలుగింటికి ఆ పన్నెండు పరుగులతోనే పరీక్ష. మొదటేడాది పిచ్చర్లలో ఇంకొక్కరికే ఆడే చోటుంది. దక్కనివాడు ఏడాదంతా సాధన చేయాలి, ఒక్క ఆటా ఆడకూడదు. ఆ ఒక్క చోటుకు మిగిలిన ఇద్దరూ హార్లన్ క్రీక్ వాళ్ళే.

గురువారం సాయంత్రం రాయిస్ కసరత్తు కోచ్ ఒర్టేగా గది ముందు ఒక నిమిషం ఆగాడు. ఆవిడ పొట్టి మనిషి. నవ్వడం ఆవిడకు వచ్చునో రాదో ఇంతవరకూ తేలలేదు.

“నేనేం అనట్లేదు కోచ్,” అన్నాడు. “క్రౌస్‌కు మూడు నెలల్లో ముప్పై పౌండ్లు తిండితో ఎలా వస్తాయో నాకైతే తెలీదు. అంతే.”

ఆవిడ కాగితాల మీంచి తలెత్తలేదు. “అంతేనా?”

“అంతే కోచ్.”

“సరే. వెళ్ళు.”

* * *

శుక్రవారం మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆవిడ ఎమిట్ బల్ల పక్కన ఆగింది. రెండు బల్లల అవతల రాయిస్ చెంచా నోటి దగ్గర ఆగిపోయింది.

“క్రౌస్, నీ గురించి ఒక మాట వచ్చింది. అది తేలేదాకా నువ్వు పరుగెత్తవు. వేసవిలో ఏం చేశావో నాకు చూపించు.”

ఎమిట్ నోట్లో బంగాళాదుంప అలాగే ఉంది. మింగి అన్నాడు. “పుస్తకం ఉంది కోచ్. రోజువారీ రాసింది. దుస్తుల గదిలో నా అరలో ఉంది. మూడింటిదాకా క్లాసుంది, అవగానే తెస్తాను.”

“నాలుగు లోపల.”

ఆ పుస్తకం ఏమిటో రాయిస్‌కు వెంటనే అర్థం కాలేదు. జూన్ మొదటి తారీఖుకల్లా కోచ్ ఒర్టేగా, కాలేజీ సీటిచ్చిన ప్రతివాడికీ పన్నెండు వారాల పుస్తకం ఒకటి టపాలో పంపుతుంది. ఏ రోజు ఎంత బరువెత్తాలి, ఎంత దూరం తోయాలి, ఏం తినాలి, అన్నీ గళ్ళు గీసి ఉంటాయి. చేసిందల్లా ఆ గళ్ళలో రాసుకుని ఆగస్టులో తెచ్చివ్వాలి. అట్ట మీద వాడి పేరు అచ్చేసి ఉంటుంది. పిలవకుండా వచ్చిన ఎమిట్‌కు అది పంపేవాళ్ళెవరు?

రాయిస్ తన పుస్తకాన్ని వచ్చిన రోజే వంటింటి బల్ల మీద పడేశాడు. మర్నాటికి అది అక్కడ లేదు. పీడ వదిలిందనుకున్నాడు. ఆగస్టులో భయం వేసి, ట్రాక్టరు కింద పడి నలిగిపోయిందని చెప్పి ఇంకోటి తెప్పించుకున్నాడు. ఐస్‌క్రీం కొట్టు ముందు కూర్చుని, ఒక్క మధ్యాహ్నంలో, మూడు రంగుల పెన్నులతో పన్నెండు వారాలూ నింపేశాడు. నమ్మకం కుదరడానికి అక్కడక్కడా కాఫీ చుక్కలు కూడా వేశాడు. ఆ శ్రద్ధలో సగం కసరత్తు మీద పెట్టి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

రెండున్నరకు దుస్తుల గది ఖాళీ. అక్కడ అరలకు తలుపులుండవు, తాళాలుండవు. ఒకే జట్టు వాళ్ళకు తాళాలెందుకని పెద్ద కోచ్ పెట్టిన పద్ధతి. రాయిస్ ఎమిట్ అర ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చూద్దామనే వచ్చాడు, తీసుకుపోదామని కాదు. దొంగలందరూ మొదట చూద్దామనే వస్తారు.

బూట్ల కింద, తువ్వాలులో చుట్టి ఉంది పుస్తకం. అట్ట మీద పేరు అచ్చేసి ఉంది.

రాయిస్ టాల్బర్ట్.

రెండుసార్లు చదివాడు. తెరిచాడు. లోపలి రాత ఎమిట్‌ది కాదు. పెద్ద పెద్ద అక్షరాలు, పెన్సిలుతో, కాగితం చిరిగేలా నొక్కి రాసినవి. ఆ రాత వాడు గోధుమ బస్తాల మీద చూశాడు, ట్రాక్టరు మరమ్మతు చీటీల మీద చూశాడు. అది వాడి నాన్న వర్జిల్ రాత.

“జూన్ 3. ఐదుంబావు. కొట్టం తెరిచాను. రాయిస్ లేవలేదు.”

“జూన్ 4. తలుపు తట్టాను. రేపు అన్నాడు.”

“జూన్ 5. రేపు అన్నాడు.”

“జూన్ 6. తట్టలేదు. కాసేపు కూర్చున్నాను.”

“జూన్ 7. క్రౌస్ వాళ్ళ అబ్బాయి చేలో నీటి గొట్టాలు మార్చడానికి వచ్చాడు. ఈ బండి ఏంటని అడిగాడు. తోసి చూడమన్నాను. పన్నెండడుగులు తోశాడు. కక్కాడు. మళ్ళీ తోశాడు.”

ఆ తర్వాత రోజూ ఉంది. బరువులు, అడుగులు, సెకన్లు, తిన్న గుడ్లు. పాత దున్నుడు చక్రాలను బరువులుగా వాడారు. బండి మీద బరువుకు ట్రాక్టరు టైరు. జూలై నాలుగున, స్వాతంత్ర్య దినాన, బరువుల గడి ఖాళీ. పక్కన ఇలా ఉంది: “సెలవు. చెర్రీ పళ్ళ రొట్టె తిన్నాం. ఊరేగింపులో రాయిస్ ఫైరింజను మీంచి మిఠాయిలు విసిరాడు. బాగున్నాడు.”

వేసవంతా తెల్లవారుజామున ఇనుము చప్పుడు వినపడేది రాయిస్‌కు. నాన్న గడ్డికట్టల యంత్రం బాగుచేసుకుంటున్నాడనుకుని దిండు చెవి మీదికి లాక్కునేవాడు.

చివరి పేజీ రెండు మడతలు పెట్టి, అంచుకు టేపు వేసి ఉంది. ఆ టేపు మీద గోరు పెట్టేసరికి మూడు దాటింది, వెనక తలుపు చప్పుడైంది.

“అది నా అరలోది కదరా?” అన్నాడు ఎమిట్.

రాయిస్ లేచి నిలబడ్డాడు. దొంగతనం చేసినవాడి మొహం పెట్టాల్సింది పోయి, దొంగను పట్టుకున్నవాడి మొహం పెట్టాడు.

“మా కొట్టంలో నీకేం పనిరా?”

ఎమిట్ పుస్తకాన్నీ రాయిస్‌నూ మార్చి మార్చి చూశాడు. సంచి కింద పెట్టాడు. “చదివావన్నమాట.”

“అడిగినదానికి చెప్పు.”

“గొట్టాలు మార్చే పని. మీ నాన్నే పిలిచారు.”

“గొట్టాలు చేలో ఉంటాయి. కొట్టంలో ఉండవు.”

“గొట్టాలయ్యాక కొట్టంలోకి. నేనేం దొంగతనంగా దూరానా? నీ కిటికీ కిందే కదా చేసింది! అంత ఇనుము కింద పడేస్తుంటే వినపడలేదా?”

“వినపడింది. గడ్డి యంత్రం బాగుచేస్తున్నాడనుకున్నా.”

ఎమిట్ ఆపుకోలేకపోయాడు. “మూడు నెలలా? ఒరేయ్, ఆ యంత్రం ఇప్పటికీ కదలట్లేదు!”

ఇంకో రోజయితే రాయిస్‌కూ నవ్వొచ్చేది. “నాకొక్క ముక్క చెప్పలేదేం?”

“జూన్‌లో చెప్పబోయాను. ఓటిస్ కొట్లో అందరి ముందూ, చీపురుపుల్ల కసరత్తు చేస్తే చీపురుకట్ట అవుతుందన్నావు. అందరూ నవ్వారు. ఇంకేం చెప్పను?”

ఆ మాట తను అన్నట్టు రాయిస్‌కు గుర్తులేదు. బాగుందనిపించింది, అందుకే తనదే అయి ఉంటుందనుకున్నాడు. అడగాలనుకున్నది వేరే. గొంతు తగ్గించి అడిగాడు. “ఆయన నీతో ఏం మాట్లాడేవాడు?”

“ఎవరు, మీ నాన్నా? ఆయన మాట్లాడతారా? ‘మళ్ళీ’ అనేవారు.”

“అంతేనా?”

“ఒక్కోసారి ‘ఇంకోసారి’ అనేవారు.” ఎమిట్ బుర్ర గోక్కున్నాడు. “అయిపోయాక కాఫీ ఇచ్చేవారు. ఆ నీలం కప్పులో.”

ఇంతసేపూ ఓర్చుకున్నవాడు ఆ నీలం కప్పు దగ్గర ఓర్చుకోలేకపోయాడు. ఆ కప్పు వర్జిల్ ఎవర్నీ ముట్టుకోనివ్వడు. పదేళ్ళప్పుడు రాయిస్ అందులో పాలు పోసుకుంటే చేతిలోంచి లాక్కుని, కడిగి, మళ్ళీ కొక్కేనికి తగిలించాడు. ముప్పై పౌండ్ల కండ ఎమిట్ ఉంచుకోవచ్చు. గోడబల్ల మీద పైగడీ ఉంచుకోవచ్చు. నాన్న ఆ కప్పు వాడికెలా ఇస్తాడు?

“ఇలా ఇవ్వరా,” ఎమిట్ చెయ్యి చాచాడు. “నాలుగు లోపల చూపించాలి. ఎవడో నేను కండ పెరిగే సూదులు పొడిపించుకుంటున్నానన్నట్టు కోచ్ చెవిలో ఊదాడు. ఎవడో తెలిస్తే ఆ ఇనుప బండి మీద కూర్చోబెట్టి వాళ్ళమ్మ ఇంటిదాకా తోస్తా.”

రాయిస్ చెయ్యి చాచలేదు. “ఇది నాది.”

“ఏంటి?”

“అట్ట చూడు. పేరెవరిది? నాకు పంపిన పుస్తకం. మా నాన్న రాసిన పుస్తకం. మా కొట్టంలో రాసింది. ఇందులో నీదేముంది?”

ఎమిట్ అట్ట వంక చూశాడు. వాడి మెడ ఎర్రబడింది. అరుస్తాడనుకున్నాడు రాయిస్. అరిస్తే బాగుండుననుకున్నాడు.

“నిజమే,” అన్నాడు ఎమిట్ మెల్లగా. “పేరు నీదే. మరి ఆగస్టులో నువ్వు కోచ్‌కిచ్చిన పుస్తకం ఎవరిదిరా?”

గదిలో ఎక్కడో కొళాయి కారుతోంది. ఈ పుస్తకం బయటికొస్తే ఎమిట్ పరుగెత్తుతాడు, రాయిస్ రాసిన మూడు రంగుల అబద్ధం బయటపడుతుంది. రాకపోతే ఆ ఒక్క చోటూ రాయిస్‌దే. అంత లెక్క ఇద్దరికీ తెలుసు.

వరండాలో బూట్ల చప్పుడు వినపడింది. రాయిస్ చేతులు తల కంటే ముందు పనిచేశాయి. పుస్తకం చొక్కా కిందికి, నిక్కరు నడుంపట్టీలోకి పోయింది.

కోచ్ ఒర్టేగా గుమ్మంలో నిలబడింది. “క్రౌస్. పుస్తకం?”

ఎమిట్ ఖాళీ అర వైపు చూశాడు. రాయిస్ పొట్ట వైపు చూశాడు. ఒక్క మాట చాలు. వేలెత్తి చూపిస్తే చాలు.

“దొరకలేదు కోచ్,” అన్నాడు ఎమిట్.

* * *

మంచితనం కూడా వీడే చేస్తే ఇంక తనకేం మిగిలినట్టు? పసుపు స్తంభం దగ్గర నిలబడి రాయిస్ ఆలోచించింది ఇదీ. కృతజ్ఞత పుట్టాల్సిన చోట ఇంకో సెగ పుట్టింది. పుస్తకం అంచు పక్కటెముకల కింద గుచ్చుకుంటోంది.

ఈల మోగింది.

మొదటి మూడు పరుగులు బాగానే పడ్డాయి. నాలుగో పరుగు మధ్యలో, కంచె అవతల బూడిదరంగు పికప్ ట్రక్కు వచ్చి ఆగింది. వర్జిల్ దిగాడు. పరీక్ష చూడ్డానికి రెండు వందల మైళ్ళు నడిపి వచ్చిన మనిషి కొడుకు కోసం మైదానం వైపు చూడాలి. ముందు కంచె పక్కన ఎమిట్ కూర్చున్న బెంచీ వైపు చూశాడు.

“ఏం నాయనా, కూర్చున్నావేం?” అన్నాడు ఎమిట్‌తో.

నాయనా! ఆ మాట రాయిస్ ఆఖరిసారి విన్నప్పుడు వాడికి ముందుపళ్ళు లేవు.

ఆరో పరుగు. సోమవారం చెత్తడబ్బా పిలిచింది ఇక్కడే. ఈసారి పిలవలేదు, పిలిచినా వాడికి వినపడలేదు. వాడి కళ్ళన్నీ కంచె దగ్గరే. నాన్న చెయ్యి ఎమిట్ భుజం మీద పడింది. ఏడో పరుగు. ఎమిట్ ఏదో చెబుతున్నాడు, నాన్న తల ఊపుతున్నాడు. ఎనిమిది. ఇంట్లో నాలుగేళ్ళలో ఊపనన్ని సార్లు ఊపాడు. తొమ్మిది. వేసవంతా నిద్రపోయిన కాళ్ళు కుళ్ళుతో పరుగెత్తుతున్నాయి. ఆ కుళ్ళులో ఎంత బలముందో గనక కోచ్ ఒర్టేగాకు తెలిస్తే దాన్ని కూడా పుస్తకంలో గడి గీసి పెట్టేది. పదకొండు. నాన్న బెంచీ వదిలి కోచ్ దగ్గరికి నడిచాడు.

పన్నెండో పరుగు ఇరవై తొమ్మిదిన్నర సెకన్లలో ముగిసింది. స్తంభాన్ని కావలించుకుని నిలబడ్డాడు రాయిస్. నెగ్గాడు. జట్టులో నలుగురు చప్పట్లు కూడా కొట్టారు.

“టాల్బర్ట్, ఇలా రా,” అంది కోచ్.

ఆవిడ చేతిలో ఇంకో పుస్తకం ఉంది. కాఫీ చుక్కలది. ఆవిడ పక్కన వర్జిల్, టోపీ చేత్తో పట్టుకుని.

“బాగా పరుగెత్తావు,” అందావిడ. “జూలై నాలుగున ఎంత బరువెత్తావు?”

“గుర్తులేదు కోచ్.”

“మూడు వందల పదిహేను పౌండ్లు. పచ్చ సిరాతో రాశావు. నా పుస్తకంలో జూలై నాలుగు సెలవు. ఆ గడి ఖాళీగా వదలాలి. ప్రతి ఏడాదీ ఇద్దరు ముగ్గురు నింపుకొస్తారు. ఆగస్టు నుంచీ తెలుసు నాకు, ఎప్పుడు చెబుతావా అని చూస్తున్నా.” ఆవిడ పుస్తకం మూసింది. “మీ నాన్న ఇంకో పుస్తకం ఉందంటున్నారు. క్రౌస్ దొరకలేదంటున్నాడు. నువ్వేమంటావు?”

వర్జిల్ కొడుకు వైపు తిరిగాడు. కొడుకు చొక్కా చెమటకు ఒంటికంటుకుని ఉంది. దాని కింద నలుచదరంగా ఉబ్బిన అట్ట వంక చూసి, చూపు తిప్పుకుని, బూటుతో మట్టి గీకాడు. ఆ చూపు తిప్పుకోవడమే తట్టుకోలేకపోయాడు రాయిస్. నాన్న తలుపు తట్టకుండా కొట్టంలో కూర్చున్న ఆ జూన్ ఆరో తేదీ కళ్ళ ముందు నిలబడింది.

చొక్కా కింద చెయ్యి పెట్టాడు. తడిసి మెత్తబడ్డ పుస్తకాన్ని బయటికి తీశాడు.

“ఇదేనా?” కోచ్ అట్ట చదివింది. “నీ పేరుంది. నీదా?”

“కాదు కోచ్,” అన్నాడు రాయిస్. “వాడిది. సూదుల సంగతి కూడా... వాడు అలాంటివాడు కాదు. అన్నది నేనే.”

బెంచీ మీద ఎమిట్ లేచి నిలబడ్డాడు. కోచ్ పేజీలు తిప్పుతూ పోయింది. జూన్, జూలై, ఆగస్టు. చివరి మడత దగ్గర ఆగి, చెమటకు ఊడిన టేపును గోటితో లాగి విప్పింది.

చదువుతూ ఉండగా ఆవిడ మొహంలో మొదటిసారి ఏదో కదిలింది. మళ్ళీ మొదట్నుంచి చదివింది. అప్పుడు చూసింది రాయిస్ వైపు కాదు, వాడి తండ్రి వైపు.

“మిస్టర్ టాల్బర్ట్,” అంది. గొంతు తగ్గించి అంది. “ఈ సంగతి మీ అబ్బాయికి తెలుసా?”

వర్జిల్ టోపీని చేతుల్లో ఒక చుట్టు తిప్పాడు. తల తిప్పి ఎమిట్ వైపు చూశాడు. ఎమిట్ వెంటనే తల దించుకున్నాడు.

ఆ కాగితంలో ఏముందో రాయిస్‌కు తెలియదు. ఎమిట్‌కు తెలుసు.